డ్రెస్సింగ్ మార్చే ముందు...

ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లూ బాగున్నాయి. ఇంటికెళ్లిన వారానికే గాయం చీము పట్టిందంటూ కొందరు మళ్లీ ఆస్పత్రికి వస్తుంటారు. అన్నిసార్లూ తప్పు డ్రెస్సింగ్‌దే కాదు. షుగర్ అదుపులో లేకపోయినా గాయం త్వరగా మానదు. అయితే డ్రెస్సింగ్ మన చేతిలో పని కాబట్టి దాని గురించి చెప్పుకుందాం.

ఉతికి ఇస్త్రీ చేసిన పాత పంచె గుడ్డ శుభ్రమైనదే, కానీ స్టెరైల్ కాదు. ప్యాకెట్లో వచ్చే గాజ్ గుడ్డను సూక్ష్మజీవులేవీ మిగలకుండా తయారుచేస్తారు. ప్యాకెట్ చిరిగినా, తడిసినా ఇక దాన్ని వాడకూడదు.

ముందు కావలసినవన్నీ దగ్గర పెట్టుకోండి. ఫ్యాన్ ఆపండి. గాజులు, ఉంగరాలు తీసి, సబ్బుతో 40 నుంచి 60 సెకన్లపాటు చేతులు కడుక్కోండి. గ్లౌజులు వేసుకుని పాత కట్టు విప్పండి. గ్లౌజులతో సహా దాన్ని పారేసి, మళ్లీ చేతులు కడుక్కుని, కొత్త గ్లౌజులు వేసుకోండి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. చీము అంటిన గ్లౌజుతోనే కొత్త గుడ్డ తీస్తారు. మధ్యలో ఫోన్ మోగితే అదే చేత్తో ఎత్తుతారు, దుప్పటి సర్దుతారు. ఇక ఆ గ్లౌజు వల్ల గాయానికి రక్షణేముంది?

కుట్ల దగ్గర మొదలుపెట్టి బయటివైపు తుడవండి. ఒక గుడ్డ ఒక్కసారికే. గాయానికి ఆనే వైపు వేళ్లు తగలనివ్వకండి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ వద్దు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ పోస్తే కొత్తగా వచ్చే కండ దెబ్బతింటుంది. డాక్టర్ సెలైన్‌తో కడగమంటే, మిగిలిన సెలైన్ సీసాను రోజుల తరబడి దాచొద్దు.

వార్డులో నర్సు డ్రెస్సింగ్ చేస్తున్నప్పుడు ట్రే మీదికి వంగి చూడకండి. ఫోర్సెప్స్ మంచానికి తగిలిందని ఆమె ఇంకోటి తెప్పిస్తే, ఆలస్యం చేస్తోందని విసుక్కోవద్దు. చీము పట్టిన గాయాల వంతు చివర వస్తుంది. పక్క మంచాల వారికి అది అంటకూడదనే అలా చేస్తారు. 'చేతులు కడుక్కున్నారా సిస్టర్?' అని మీరు అడగొచ్చు. నన్నడిగినా నొచ్చుకోను.

జ్వరం వచ్చినా, ఎరుపు, వాపు పెరుగుతున్నా, చీము, దుర్వాసన ఉన్నా, కుట్లు విడిపోయినా అదే రోజు ఆస్పత్రికి రండి. షుగర్ ఉన్నవారికి కాలి పుండు నొప్పి తెలియకపోవచ్చు. నొప్పి లేదు కదా అని వచ్చే వారం చెకప్ దాకా ఆగకండి.