తలకు దెబ్బ తగిలిందా? ఆ మొదటి రాత్రి జాగ్రత్త!



కొండాపూర్ నుండి గచ్చిబౌలి వైపు బైకు మీద వస్తున్న ఒక యువకుడు ఇసుక మీద జారి పడ్డాడనుకోండి. హెల్మెట్ లేదు. కణత రోడ్డుకు తగిలింది. ఒక నిమిషం కళ్ళు తిరిగాయి. తరువాత తానే లేచి బట్టలు దులుపుకున్నాడు. చుట్టూ చేరినవారితో "ఏం కాలేదన్నా" అన్నాడు, టీ తాగి హాస్టలుకు వెళ్ళి పడుకున్నాడు. తెల్లవారి రూములోని స్నేహితులు ఎంత లేపినా లేవలేదు. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే గాని, తలగాయాలు చూసే ఏ డాక్టరునడిగినా ఇటువంటివి తాము చూశామనే చెబుతారు.

లేచి నడిచిన మనిషికి ఇలా ఎందుకవుతుంది? మన పుర్రె మూత తీయడానికి వీలులేని గట్టి పెట్టె వంటిది. అందులో సుమారు 1,300 నుండి 1,400 గ్రాముల మెదడు, దాని చుట్టూ నీరు, రక్తం ఉంటాయి. వేరే దేనికీ చోటు లేదు. కణత దగ్గర ఎముక చాలా పలుచగా ఉంటుంది, దాని లోపలి వైపే ఒక రక్తనాళం పోతూ ఉంటుంది. ఎముక చిట్లినప్పుడు ఆ నాళం తెగితే ఎముకకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరడం మొదలవుతుంది. దీనినే ఎక్స్‌ట్రాడ్యూరల్ హెమటోమా అంటారు. మొదట్లో రక్తం తక్కువ కాబట్టి మనిషి మాట్లాడతాడు, నవ్వుతాడు. కొన్ని గంటలు గడిచేసరికి గడ్డ పెరిగి మెదడును కిందికి నెడుతుంది. ఊపిరినీ గుండెనూ నడిపించే కేంద్రాలు ఆ కిందే ఉన్నాయి. అవి నలిగితే ప్రాణం పోతుంది.

పేరుపొందిన సినీ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009 మార్చి 16న కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిపోయారు. మామూలుగానే మాట్లాడారు, వైద్యం వద్దన్నారు. కొద్దిసేపటికే తలనొప్పి మొదలైంది. రెండు రోజులకు చనిపోయారు. డబ్బుకూ వైద్యానికీ ఏ కొరతా లేని మనిషికే ఇలా జరిగింది. విచారకరమైన సంగతేమంటే, ఈ రకం గడ్డను సకాలంలో కనుగొని ఆపరేషన్ చేసి తీసివేస్తే చాలామంది మామూలు మనుషులవుతారు. ఇక్కడ మందుకన్నా సమయమే ముఖ్యం.

ఏ గుర్తులు కనిపిస్తే పరుగెత్తాలి?

దెబ్బ తగిలినప్పుడు కొద్ది క్షణాలైనా స్పృహ తప్పినా, ఏం జరిగిందో గుర్తు లేకపోయినా డాక్టరుకు చూపించాలి. తలనొప్పి పెరుగుతూ పోవడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, మత్తుగా ఉండడం, పొంతన లేని మాటలు, ఫిట్స్, ఒక కాలో చెయ్యో బలహీనపడడం, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదవడం, చెవి నుండి గాని ముక్కు నుండి గాని రక్తమో నీరో కారడం ఉంటే తెల్లవారే దాకా ఆగకండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళండి. స్కాన్ లేని చోట గంట గడిపి మళ్ళీ ఇంకో చోటికి పోవడం వలన ఎంత నష్టమో ఆలోచించండి.

డాక్టరు చూసి ఇంటికి పంపినా మొదటి 24 గంటలు పక్కన ఒకరుండాలి. నిద్రపోవచ్చు, తప్పులేదు. అయితే డాక్టరు చెప్పిన ప్రకారం మధ్య మధ్య లేపి, పేరు, ఊరు అడిగి చూడండి. ఆస్పిరిన్ వంటి మాత్రలు సొంతంగా వేయకండి, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. మద్యం అసలే వద్దు. తాగి పడిన మనిషి మత్తుగా ఉంటే "తాగాడులే" అని వదిలేయడం మరీ ప్రమాదం. ఆ మత్తు మందుదో మెదడుదో పైకి చూసి ఎవరూ చెప్పలేరు.

రోడ్డు మీద మీరు చేయగలిగింది

ముందు 108కి ఫోను చేయండి. ఈ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. తలకు దెబ్బ తగిలినవారికి మెడ ఎముక కూడా విరిగి ఉండవచ్చు. అందుచేత చంకల కింద చేతులు వేసి లేపడం, ఆటోలో మడిచి కూర్చోబెట్టడం చేయకండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. గాయం మీద కాఫీపొడి, పసుపు చల్లవద్దు, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం మన అలవాటు. ఇనుముకు ఫిట్స్‌ను ఆపే శక్తి లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఊపిరి ఆడుతున్నదో లేదో చూడండి.

"పోలీసు కేసవుతుంది, మనకెందుకు?" అని చాలామంది వెనుకాడతారు. 2016లో సుప్రీంకోర్టు, ఆ తరువాత 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి రక్షణ కల్పించాయి. ఇష్టం లేకపోతే పేరు చెప్పనక్కరలేదు. ఖర్చు గురించి భయపడేవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ఏడు రోజుల వరకు, రూ. 1.5 లక్షల దాకా నగదు చెల్లించకుండా చికిత్స పొందే వీలుంది.

హెల్మెట్ సంగతి

2021 సెప్టెంబరు 10, వినాయక చవితి నాటి సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ వంతెన దాటిన తరువాత సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు జారి పడింది. కాలర్ ఎముక విరిగింది, స్పృహ తప్పింది. కాని మెదడుకు, వెన్నెముకకు పెద్ద గాయాలు కనబడలేదని ఆసుపత్రి ప్రకటించింది. ఆయన తలకు హెల్మెట్ ఉంది. నెలకు పైగా చికిత్స పొంది కోలుకున్నారు, 2023లో మళ్ళీ తెరపైకి వచ్చారు. హెల్మెటే తన ప్రాణం కాపాడిందని ఆయనే చాలాసార్లు చెప్పారు. అనేక పరిశోధనలను కలిపి 2008లో చేసిన సమీక్షలో హెల్మెట్ మరణావకాశాన్ని సుమారు 42 శాతం, తలగాయాన్ని 69 శాతం తగ్గిస్తుందని తేలింది. బకిల్ పెట్టుకోని హెల్మెట్ ముందే ఎగిరిపోతుంది. ట్యాంకు మీద పెట్టుకున్నది పోలీసుకే పనికివస్తుంది గాని తలకు పనికిరాదు. వెనుక కూర్చున్నవారికీ తల ఉంది కదా!

నానక్‌రామ్‌గూడ చుట్టూ లేస్తున్న మేడల మీద పనిచేసే కూలీలకు ఈ మాట ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. పరంజి మీద పని చేసేటప్పుడు హెల్మెట్‌తో పాటు నడుముకు బెల్టు కూడా అడిగి తీసుకోండి.

పెద్దవారిలో దాగివుండే గాయం

బాత్రూములో జారిన తాతగారు "చిన్న దెబ్బే" అంటారు. మూడు, నాలుగు వారాల తరువాత నడక తూలుతుంది, మతిమరుపు వస్తుంది, పగలంతా నిద్ర. ఇంట్లోవారు వయసు మీద పడిందనుకుంటారు. వయసుతో మెదడు కొంచెం కుదించుకుపోవడం వలన పైనున్న సన్నని సిరలు సులువుగా తెగుతాయి, రక్తం బొట్టు బొట్టుగా చేరుతుంది. గుండెజబ్బుకు రక్తం పలుచబడే మందులు వాడేవారిలోను, మద్యం అలవాటున్నవారిలోను ఇది ఎక్కువ. స్కాన్‌లో కనిపిస్తుంది. చాలాసార్లు పుర్రెకు చిన్న రంధ్రం చేసి రక్తం తీసివేస్తే తాతగారు మళ్ళీ మామూలుగా నడుస్తారు.

స్కాన్ బాగుంది, మనిషి బాగులేడు

ఇది కుటుంబాలను ఎక్కువగా బాధించే విషయం. స్వల్ప తలగాయంలో స్కాన్ శుభ్రంగానే ఉండవచ్చు. అయినా కొన్ని వారాలపాటు తలనొప్పి, వెలుతురు పడకపోవడం, చికాకు, ఏకాగ్రత లేకపోవడం ఉంటాయి. కంప్యూటర్ ముందు పది గంటలు కూర్చునే ఉద్యోగులు మూడో రోజునే మామూలుగా పనిచేయాలని చూసి, చేయలేక భయపడతారు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకొని, తరువాత పనిగంటలు మెల్లగా పెంచుకోండి. ఎక్కువమందికి మూడు నెలలలోపే తగ్గిపోతుంది.

గాయం పెద్దదైనప్పుడు, ముఖ్యంగా నుదుటి వెనుక భాగం దెబ్బతిన్నప్పుడు స్వభావమే మారవచ్చు. శాంతంగా ఉండే భర్త గిన్నెలు విసురుతాడు, నలుగురిలో అనరాని మాట అంటాడు. "గాలి సోకింది" అని తాయెత్తులు కట్టించేవారున్నారు, "కావాలనే చేస్తున్నాడు" అని తిట్టేవారున్నారు. రెండూ కాదు. కోపానికి కళ్ళెం వేసే భాగం గాయపడింది. అతనితో వాదించకండి. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. చేయవలసినవి గోడ మీద రాసి పెట్టండి. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మానకండి, మొదటి ఆరు నెలలలో కోలుకునే వేగం ఎక్కువగా ఉంటుంది, ఆ తరువాత కూడా మెల్లగా సాగుతుంది. చూసుకునే భార్యకో తల్లికో వారానికి ఒక పూటైనా ఇంకొకరు చేయి ఇవ్వాలి.

ఫిట్స్ మాత్రలు రాసి ఇస్తే, రెండు నెలలు ఫిట్స్ రాలేదని సొంతంగా ఆపకండి. డాక్టరు సరేననే వరకు బైకు, కారు నడపకూడదు, పరంజి ఎక్కకూడదు. చెరువులో, బావిలో ఈతకూ దిగకూడదు.