కారు షోరూం తెరవడానికి ఒక గూగుల్ ఫారం, రెండు నిమ్మకాయలు

ఈ పేజీలో నేను రాసేవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్‌బ్యాంకుల గురించే అని మీకు తెలుసు. కానీ లాక్‌డౌన్‌లో డెలివరీలే ఆగిపోయాయి, రివ్యూ చెయ్యడానికి నా టేబుల్ మీద కొత్త డబ్బా ఒక్కటీ లేదు. అందుకే ఈసారి కారు షోరూం కథ. కంగారు పడకండి, ఫోన్ కూడా వస్తుంది.

మే రెండో వారంలో ఒక రాత్రి నా బీటెక్ రూమ్‌మేట్ ఫోన్ చేశాడు. వాడు కూకట్‌పల్లి వైపు ఒక కార్ల షోరూంలో సేల్స్ కన్సల్టెంట్. "మామా, షోరూం తెరుస్తారంట. సేఫ్టీ ప్లాన్ రాసిమ్మని మేనేజర్ సార్ నాకే తగిలించాడు. నువ్వు సాఫ్ట్‌వేరోడివి కదా, ఏదైనా యాప్ చేసిపెట్టు" అన్నాడు.

"కరోనాకి యాప్ ఏంట్రా" అని నవ్వాను. వాడు నవ్వలేదు. వాళ్లమ్మకి ఆస్తమా. రెండు గదుల ఇల్లు. ఏప్రిల్ జీతం సగమే వచ్చింది. ఈ ఉద్యోగంలో అసలు డబ్బులు ఇన్సెంటివ్‌లోనే ఉంటాయి, అది బండి అమ్మితేనే. "వెళ్లకపోతే ఉద్యోగం పోద్ది, వెళ్తే ఏం మోసుకొస్తానో తెలీదు" అన్నాడు. ఇంక జోకులు ఆపి లాప్‌టాప్ తెరిచాను.

అప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే, మారుతి సుజుకీ అంతటి కంపెనీ ఏప్రిల్‌లో దేశంలో ఒక్క కారు కూడా అమ్మలేదు. లెక్కలో సున్నా అనే చూపించింది. దానికి ముందు మార్చిలో డీలర్లందరికీ ఇంకో టెన్షన్. ఏప్రిల్ 1 నుంచి బీఎస్4 బళ్లు అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. సరిగ్గా ఆఖరి వారంలో, మార్చి 25న, దేశమే మూతపడింది. మిగిలిన స్టాకులో పది శాతం లాక్‌డౌన్ ఎత్తేశాక పది రోజుల్లో అమ్ముకోవచ్చని కోర్టు వెసులుబాటు ఇచ్చింది, అదీ ఢిల్లీ ఎన్‌సీఆర్‌కి కాదు. స్టాకంతా బ్యాంకు అప్పు మీద తెచ్చుకున్నదే, షట్టర్ దించినా వడ్డీ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి తెలంగాణ ప్రభుత్వం మే మధ్యలో ఆటోమొబైల్ షోరూములు తెరుచుకోవచ్చు అనగానే ఓనర్లు ఒక్క రోజు కూడా ఆగే మూడ్‌లో లేరు.

"ఆన్‌లైన్‌లో కొంటే పోలా?" అని మీలో సగం మంది అనుకుంటున్నారు కదా. నేనూ అదే అడిగాను. హ్యుండాయ్ క్లిక్ టు బై ఉంది, టాటా క్లిక్ టు డ్రైవ్ ఉంది, మహీంద్రా, హోండా కూడా అలాంటివే పెట్టాయి. మోడల్, కలర్, లోన్, ఇన్సూరెన్స్ అన్నీ స్క్రీన్ మీద అయిపోతాయి. కానీ మనవాళ్లు ఎనిమిది లక్షలు పెట్టే ముందు సీట్లో ఒకసారి కూర్చుంటారు, డోరు వేసి ఆ "ధబ్" సౌండ్ వింటారు, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయో చూస్తారు. ఫోన్ అంటే నచ్చకపోతే రిటర్న్ పెట్టేస్తాం. కారుకి ఆ బటన్ లేదు.

ఫారం పెట్టాను, బగ్ కూడా పెట్టాను

యాప్ చెయ్యలేదు. గూగుల్ ఫారం, దాని వెనక ఒక షీట్, కొంచెం యాప్స్ స్క్రిప్ట్. ఇంటి నుంచే అరగంట స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాటుకి ఒక కన్సల్టెంట్‌కి ఒక కుటుంబం, ఇద్దరికి మించి రాకూడదు. రెండు స్లాట్ల మధ్య పావుగంట ఖాళీ, ఆ టైంలో కారు తుడవాలి. నిండిన స్లాట్ ఫారంలోంచి మాయమైపోవాలి. గూగుల్ ఫారంకి అది సొంతంగా రాదు కాబట్టి స్క్రిప్ట్ రాశాను.

మొదటి శనివారం పదకొండింటికి రెండు కుటుంబాలు ఒకేసారి గుమ్మం ముందు నిలబడ్డాయి. ఇద్దరూ ఒకే క్షణంలో సబ్మిట్ నొక్కారు, నా స్క్రిప్ట్ ఇద్దరికీ ఓకే చెప్పింది. రేస్ కండిషన్ అని ఇంజినీరింగ్‌లో పదిసార్లు పరీక్ష రాశాం, అయినా లాక్ పెట్టడం మర్చిపోయాను. మా ఆఫీసులో అయితే జిరా టికెట్ అవుతుంది. ఇక్కడ పక్కపక్కన నిలబడ్డ ఐదుగురు మనుషులయ్యారు, అందులో ఒక పెద్దాయనకి డెబ్బై ఏళ్లుంటాయి. వాడు ఫోన్ చేసి తిట్టలేదు, "మామా, ఇది చూడు" అని ఫోటో పంపాడు. తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నమే లాక్ సర్వీస్ పెట్టి సరిచేశాను.

గేటు దగ్గర ఐఆర్ థర్మామీటర్ గురించి ఒక మాట. అది నుదుటి చర్మం వేడినే చూస్తుంది. మే నెల ఎండలో బైక్ మీద వచ్చినవాడికి ఎక్కువ చూపిస్తుంది, చెమట పట్టినవాడికి తక్కువ చూపిస్తుంది. అందుకే ముందు నీడలో పది నిమిషాలు కుర్చీ, తర్వాతే గన్. లక్షణాలే లేనివాళ్లని అది ఎలాగూ పట్టుకోలేదు. కాబట్టి గన్‌లో పచ్చలైటు వచ్చిందని మాస్కు కిందకి దించితే కుదరదని సెక్యూరిటీ అన్నకి వంద సార్లు చెప్పాల్సొచ్చింది.

అసలు సమస్య గాలి. షోరూం అంటే నాలుగు వైపులా అద్దాలు, తెరిచే కిటికీ ఒక్కటీ ఉండదు. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టండి, బయటి గాలి బాగా రానివ్వండి అని అప్పటికే గైడ్‌లైన్స్ వచ్చాయి. వీళ్ల ఏసీలు లోపలి గాలినే తిప్పితిప్పి కొట్టేవి. చివరికి ఏసీ ఆపేసి, ముందు తలుపు, వెనక వర్క్‌షాప్ వైపు షట్టర్ రెండూ తెరిచి, పెద్ద ఫ్యాన్లు పెట్టారు. లోపల ఉడికిపోయేది. దానివల్ల ఒక లాభం, ఎవరూ ఇరవై నిమిషాలకి మించి కూర్చోలేదు.

టెస్ట్ డ్రైవ్ కారు ఒక పబ్లిక్ ఫోన్ లాంటిది

ఒక కారులో చెయ్యి తగిలే చోట్లు వాడూ నేనూ వీడియో కాల్‌లో లెక్కపెట్టాం. బయట హ్యాండిల్ నుంచి మొదలుపెట్టి సీటు లివరు, బెల్టు బకిల్, స్టీరింగ్, ఇండికేటర్ కాడ, గేరు, హ్యాండ్‌బ్రేక్, అద్దాల స్విచ్చులు, ఏసీ నాబ్, టచ్‌స్క్రీన్... 19 తేలాయి. డిక్కీ లెక్కలో లేదు. ఆ 19 ఒక కాగితం మీద ప్రింట్ తీసి వాషింగ్ కుర్రాడికి ఇచ్చారు.

మొదటి రోజు అత్యుత్సాహంతో ఎవరో హైపోక్లోరైట్ ద్రావణం డెమో కారు సీట్ల మీదే కొట్టేశారు. నల్ల సీటు మీద తెల్ల మచ్చలు వచ్చేశాయి. అది నేలకీ, టైల్స్‌కీ పనికొస్తుంది గానీ గుడ్డకీ లెదర్‌కీ కాదు. స్క్రీన్ మీద డైరెక్టుగా స్ప్రే కొట్టినా అంతే, అంచుల్లోంచి లోపలికి దిగి టచ్ పిచ్చిపిచ్చిగా పనిచేసింది. మీ ఫోన్‌కి ఏం చేస్తారో కారు స్క్రీన్‌కీ అదే: స్విచాఫ్ చేసి, మెత్తటి గుడ్డకి తడి పెట్టి, దాంతో తుడవడం.

టెస్ట్ డ్రైవ్‌లో అద్దాలు దించాలి, కన్సల్టెంట్ వెనక సీట్లో ఎదురు మూల కూర్చోవాలి. తాళం ఒక జిప్ కవర్లో.

ఇక్కడ గాడ్జెట్ పిచ్చోళ్లకి ఒక విషయం. ఆ డెమో కారు బ్లూటూత్ లిస్ట్ వాడు నాకు చూపించాడు. ముప్పై పైగా ఫోన్లు పెయిర్ అయి ఉన్నాయి, కొందరు కాంటాక్ట్స్ సింక్ కూడా ఓకే చేసేశారు. వైరస్ తుడిచారు గానీ ఎవరి ఫోన్‌బుక్కో అందులోనే ఉంది! ఇరవయ్యో పనిగా "పెయిర్ అయినవి డిలీట్" అని ఆ కాగితం మీద చేర్పించాను. మీరు ఎప్పుడు టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినా దిగే ముందు ఇది చెయ్యండి, కరోనా ఉన్నా లేకపోయినా.

డెలివరీ ఇంటి దగ్గరే ఇవ్వడం మొదలుపెట్టారు. పెద్ద తాళంచెవి బొమ్మ, కేకు, గ్రూప్ ఫోటో అన్నీ బంద్. కానీ పూజ ఆగుతుందా? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాల్సిందే, హారతి ఇవ్వాల్సిందే. ఇక్కడే ఒకరోజు వీడి ప్రాణం పోయినంత పనైంది. ఒక ఆంటీ గారు చేతులకి శానిటైజర్ బాగా రాసుకుని, అది ఆరకముందే కర్పూరం వెలిగించబోయారు. శానిటైజర్ అంటే మూడొంతుల్లో రెండొంతులు ఆల్కహాలే. "ఆంటీ గారూ ఆగండి!" అని వీడు అరిచిన అరుపుకి కొబ్బరికాయ కింద పడింది. అప్పట్నుంచి హారతి ముందు సబ్బు, నీళ్లు మాత్రమే. ఏ కంపెనీ సేఫ్టీ కాగితంలోనూ ఈ పాయింట్ నాకు కనపడలేదు.

రిజిస్టర్ ఎవరిది?

గుమ్మం దగ్గర రిజిస్టర్ పుస్తకం, అందరికీ ఒకే పెన్ను. అది తీసేసి విజిటర్ల పేరు, నంబరు, టైము, ఎవరిని కలిశారు, ఏ కారు నడిపారు అన్నీ షీట్‌లోకి మార్చాం. ఎవరికైనా పాజిటివ్ వస్తే ఎవరికి చెప్పాలో తెలియాలి, దాని పని అంతే.

మేనేజర్ సార్‌కి అది వేరేగా కనపడింది. "ఈ నంబర్లు మన లీడ్స్‌లో కలిపెయ్, కాలింగ్ టీంకి ఇద్దాం" అన్నారు. వాడు కాన్ఫరెన్స్‌లో నన్ను కలిపాడు. నేను చెప్పాను: "సార్, ఆఫర్ కాల్స్ వస్తాయని తెలిస్తే రెండో రోజు నుంచి జనం దొంగ నంబర్ రాస్తారు. అవసరం పడ్డ రోజు ఒక్కటీ కలవదు." ఆయనకి కోపం వచ్చింది. "లీడ్ లేకపోతే జీతాలు ఎక్కణ్ణుంచి ఇస్తాం బాబూ?" అన్నారు. అదీ నిజమే, నా దగ్గర జవాబు లేదు. చివరికి రెండు షీట్లు పెట్టాం. ఫారం కింద "ఆఫర్ల కోసం ఫోన్ చెయ్యొచ్చు" అని విడిగా ఒక టిక్, అది కొట్టినవాళ్లే లీడ్స్‌లోకి. మిగతా వరసలు 21 రోజులకి వాటంతటవే డిలీట్. ఆరోగ్య సేతు మీద ఆ రోజుల్లో నెట్ నిండా ఇదే గొడవ, డేటా ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని. చిన్న సైజులో అది మా గూగుల్ షీట్ దాకా వచ్చింది.

తెరిచిన పదకొండో రోజు ఒక కస్టమర్ ఫోన్ చేశాడు. నాలుగు రోజుల కింద టెస్ట్ డ్రైవ్‌కి వచ్చాడు. ఆయనకి జ్వరం, వాళ్ల నాన్నగారికి పాజిటివ్.

షీట్ తీశారు. సాయంత్రం నాలుగున్నర స్లాట్. రెండో డెమో కారు. దాని తర్వాత అదే కారు ఎక్కిన కుటుంబాలు రెండు. కారు తుడిచిన కుర్రాడు. వెనక సీట్లో కూర్చున్న కన్సల్టెంట్ ఎవరంటే, మావాడే.

మేనేజర్ సార్ గురించి నేను తప్పుగా అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. దాచేస్తారేమో అనుకున్నా. ఆయనే కూర్చుని ఆ రెండు కుటుంబాలకీ స్వయంగా ఫోన్ చేశారు. ఒకరు బుకింగ్ క్యాన్సిల్ చేసి నానా మాటలు అన్నారు. హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్లు అడిగిన లిస్టు ఐదు నిమిషాల్లో వెళ్లిపోయింది.

మావాడు ఆ రాత్రి ఇంటికి వెళ్లలేదు. వాళ్లమ్మకి ఆస్తమా అని చెప్పాను కదా. నా ఫ్లాట్‌మేట్లు ఊళ్లకి పోయారు, ఒక గది ఖాళీ. రమ్మన్నాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గంటన్నర యుద్ధం జరిగింది. అసోసియేషన్ అంకుల్ ఒప్పుకోలేదు. మూడో అంతస్తులో ఉండే నర్స్ అక్క "గది విడిగా ఉంది, బాత్రూం విడిగా ఉంది, ఇంకేం కావాలి మీకు?" అని వాయిస్ మెసేజ్ పెట్టాక గ్రూపు చల్లబడింది.

పద్నాలుగు రోజులు. తలుపు దగ్గర ప్లేటు పెట్టి నాలుగడుగులు వెనక్కి వచ్చేవాణ్ణి. మధ్యలో ఒక గోడ, ఇద్దరం వాట్సాప్ కాల్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. రోజూ రెండు పూటలా టెంపరేచర్ మెసేజ్ పెట్టేవాడు. ఆరో రోజు 99.4 అని వచ్చింది. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు. పొద్దున 98.2. జ్వరం మళ్లీ రాలేదు.

ఊరుకోలేక ఆ గదిలోంచే అమ్మకాలు మొదలుపెట్టాడు. షోరూంలో తోటి కుర్రాడు ఫోన్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతాడు, వీడు గదిలో కూర్చుని కాల్‌లో వివరిస్తాడు. వాట్సాప్ గ్రూప్ వీడియో కాల్ అప్పుడే నలుగురి నుంచి ఎనిమిది మందికి పెంచారు, మన కుటుంబాలకి సరిగ్గా సరిపోయింది. కొనేది మియాపూర్‌లో, నాన్నగారు గుంటూరులో, రంగు ఒప్పుకోవాల్సిన అక్క డల్లాస్‌లో. ఒక్కటే గొడవ, కాల్‌లో ఎరుపు ఒక్కో ఫోన్‌లో ఒక్కో ఎరుపులా కనిపించేది. దానికి నేను చెప్పిన చిట్కా: కారుని ఎండలోకి తెచ్చి, బానెట్ మీద ఒక తెల్ల కాగితం పెట్టి వీడియో తియ్యండి, కాగితం తెల్లగా ఉందంటే రంగు నమ్మొచ్చు. ఆ వీడియోని మామూలుగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, కంప్రెస్ అవ్వకుండా వెళ్తుంది (అప్పట్లో 100 ఎంబీ దాకానే వెళ్లేది). డల్లాస్ అక్క ఓకే అంది. పదకొండో రోజు బండి అమ్ముడైంది.

పద్నాలుగో రోజు సాయంత్రం గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. గడ్డం పెరిగి గుర్తుపట్టేలా లేడు. బ్యాగు సర్దుకుంటూ అడిగాడు, "మామా, మా షోరూం ఫోన్‌లో లోపలి భాగం చూపిస్తే అంతా చీకటి. వైడ్ యాంగిల్ మంచిది ఉండాలి, పదిహేను వేల లోపు ఏదైనా చెప్పు."

ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం అయిందని, ఆ బడ్జెట్‌లో ఇప్పుడు కష్టమని చెప్పాను. "కార్లు అమ్మేవాడికే బేరం చెప్తావా?" అని బూట్లు వేసుకుంటూ అన్నాడు. రెండు మూడు ఫోన్లు తెప్పించుకుని కారు లోపల పెట్టి పోల్చి చూస్తున్నాను, వచ్చే వారం ఆ రివ్యూ పెడతా.