కోడికి ఉక్క, కొనువారికి ముప్పు

అండమాను దీవులలో, 2024 వరకు పోర్టు బ్లెయరని పిలువబడిన శ్రీవిజయపురము చెంత డాలీగంజ్ కలదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలివచ్చిన తెలుగు కుటుంబములు ఈ దీవులలో అనేకము. కోస్తాలోవలె ఇచ్చట వడగాడ్పులు లేవు. అందుచే కోళ్ళకు ఎండ భయము లేదని తలచువారు కలరు. అది పొరబాటు.

ఇచ్చట పగటి వేడిమి తరచు 30 డిగ్రీలకు చేరును. గాలిలో ఏడాది పొడుగునను తేమ నిండియుండును. కోడికి చెమటగ్రంథులు లేవు. దాని శరీరోష్ణము సహజముగా 41 డిగ్రీలకు మించును. వేడి హెచ్చినపుడు అది నోరు తెరచి రొప్పుచు, ఊపిరితో తేమను వెడలించి చల్లబడజూచును. గాలియే తడిసియున్నచో ఆ తేమ ఆరదు. త్వరగా పెరుగు బ్రాయిలరు కోడి దేహమున పుట్టు వేడియు ఎక్కువ.

ఇట్టి కోళ్ళను గూళ్ళలో క్రిక్కిరిసి నింపినచో నడుమనున్న వాటికి గాలి యాడదు. బండి నడచునంతసేపు కొంత గాలి తగులును. ఎండలో నిలిపినంతనే ప్రాణాపాయము ఆరంభమగును.

చచ్చిన కోడివలన పెంపకందారునకు నష్టము. దీవులలో దాణాలో అధికభాగము ఓడలపై రావలసియుండుటచే ఆ నష్టము మరింత భారము. బ్రదికి చేరిన కోడికిని కీడు తప్పదు. వధకు ముందు వేడికి బాధపడిన కోడి మాంసము పాలిపోయి, మెత్తబడి, నీరు విడుచును. బెదరిన కోళ్ళ రెట్టతో సాల్మొనెల్లా క్రిములు అధికముగా వెలువడి, ఈకలనుండి కత్తికిని, కత్తినుండి వంటింటికిని చేరవచ్చును.

1978 నాటి జంతు రవాణా నియమములకు 2001లో కోళ్ళను గూర్చిన అధ్యాయము చేర్పబడెను. దాని ప్రకారము కోళ్ళను ఎండకు, వానకు గురిచేయరాదు. 25 డిగ్రీలు మించిన వేడిమిలో తరలింపరాదు. వేసవిలో ఆరేసి గంటలకొకమారు నీరందింపవలెను. ఈ హద్దు పాటించినచో డాలీగంజ్ వంటి చోట రాత్రియు, తెల్లవారుజామును తప్ప తగిన వేళ దొరకుట అరుదు.

పెంపకందారులును, బండివారును, దుకాణదారులును పాటింపవలసినవి:

1. దగ్గరి ప్రయాణమైనచో, వధకు 8 మొదలు 12 గంటల ముందు దాణా నిలుపవలెను. నీటిని మాత్రము కోళ్ళను పట్టువరకు ఉంచవలెను.

2. కోళ్ళను మెల్లగా పట్టి, అన్నియు ఒకేసారి కూర్చుండుటకు చోటుండునట్లు గూళ్ళలో ఉంచవలెను.

3. దారిలో బండిని నిలుపరాదు. నిలుపక తప్పనిచో గాలి వీచు నీడపట్టున నిలుపవలెను.

4. గాలి యాడనిచోట కోళ్ళపై నీళ్ళు చల్లరాదు. తేమ పెరిగి ఉక్క హెచ్చును.

5. దారిలో చచ్చిన కోడిని ఎంత చవుకకైనను అమ్మరాదు, కొనరాదు.

గృహిణులు కోడిని ఎన్నుకొనునపుడు నిలబడి చురుకుగా చూచుదానిని కోరవలెను. రొప్పుచు తలవాల్చిన కోడిని విడువవలెను. పచ్చిమాంసము తాకిన చేతులను, కత్తిని, పలకను సబ్బుతో కడిగి, మాంసమును లోపల ఎరుపు మిగులకుండ ఉడికింపవలెను.

ఆ చివరి గంటలలో నీడ, గాలి, నీరు సమకూర్చుటకు అగు ఖర్చు స్వల్పము. అవి లోపించినచో బాధ కోడిది, నష్టము పెంచినవారిది, జబ్బు తినినవారిది.