ఉచ్చరింపరాని రుమాలు

1637 జనవరిలో పారిస్ నగరమందలి మారే నాటకశాలలో కొర్నేయ్ రచించిన 'లె సిద్' ప్రదర్శింపబడినపుడు ప్రేక్షకులు ముగ్ధులైరి. పండితులు మాత్రము కుపితులైరి. తండ్రిని చంపినవానిని కూతురు వలచుట మానకుండుటయు, రెండు ద్వంద్వయుద్ధములను, ఒక మహాసంగ్రామమును, ఒక న్యాయవిచారణను ఒక్క దినములో ఇరికించుటయు వారికి దుస్సహమయ్యెను. రాజు పేర రాజ్యమేలుచున్న మంత్రి రిషెల్యూ, రెండేండ్ల క్రిందట తాను నెలకొల్పిన అకాడెమీచేత ఆ నాటకముపై తీర్పు చెప్పించెను. కొర్నేయ్ మూడేండ్లు మౌనము వహించి, 1640లో 'హోరాస్'తో మరల వచ్చెను. ఈసారి నియమములను ఔదలదాల్చి వచ్చెను.

కథ యొక్కటి, స్థలమొక్కటి, కాలమొక దినము: ఇవి ఆ నియమములు. అరిస్టాటిల్ పేరు చెప్పుకొన్నను, స్థలైక్యమును ఆయన ఎచ్చటను విధింపలేదు; అది ఇటలీ వ్యాఖ్యాతల చేర్పు. రక్తపాతము రంగముపై కూడదు. దానిని వార్తాహరుని నోట వినవలసినదే. మాట పన్నెండక్షరముల పంక్తిలో నడువవలెను. ఆరవ యక్షరము కడ సంస్కృతవృత్తములందలి యతివంటి విరామము, జంటపంక్తులకు అంత్యప్రాస. భరతముని కూడ అంకకథను ఒక దినమునకు పరిమితము చేసి, యుద్ధమరణములను ప్రత్యక్షముగ చూపవలదనెను గదా యని మనవారనవచ్చును. నిజమే, కాని అంకమునకును అంకమునకును నడుమ సంవత్సరము గడచుటకైనను ఆయన సెలవిచ్చెను. ఫ్రెంచివారు ఆపాటి గాలియు చొరనీయలేదు.

గాలి చొరని ఆ గదిలోనే రసీన్ నిప్పు రాజవేసెను. 1677 జనవరి 1న ప్రదర్శింపబడిన 'ఫేద్ర' సవతికొడుకును వలచిన రాణి కథ. అందు జరుగునది చాల తక్కువ; బయటపెట్టరాని మాట యొకటి మూడుమార్లు బయటపడును. మొదట దాదికి, పిదప వలచినవానికి, తుదకు విషము త్రాగి మగనికి ఆమె దానిని చెప్పుకొనును. పారిపోవుటకు వేరు చోటు లేదు, మరచుటకు మరునాడు లేదు. నియమము విధిగా మారిన ఈ చమత్కారము కొర్నేయ్‌కును పూర్తిగ దక్కలేదని నా యభిప్రాయము. ఆ దినములలోనే ప్రత్యర్థులు ఇదే కథతో ప్రాదోన్ అను నాతని నాటకమును పోటీగా ఆడించిరి. రసీన్ ఆ యేడే రాజచరిత్రకారుడై, సామాన్య రంగస్థలమునకు స్వస్తి చెప్పెను. (1673లో రోగభ్రాంతుని పాత్ర ధరించుచునే వ్యాధి ముదిరి, ఆ రాత్రియే కన్నుమూసిన మోలియేర్ హాస్యమునకు వేరొక వ్యాసము కావలెను.)

1680లో పదునాలుగవ లూయీ ఆజ్ఞచే కొమెడీ ఫ్రాన్సేజ్ అను నాటకశాల వెలసెను. నిప్పు చల్లారినది, గది మాత్రము మిగిలినది. వోల్టేరంతటివాడు పూనుకొన్నను విషాదనాటకము నానాటికి చదువరుల ప్రౌఢిగనే మారెను. కంచెయే చేను మేసెను. 1759 వరకును ధనికులు రంగముపైననే ఆసనములు వేయించుకొని కూర్చుండెడివారనిన, నటులకెంత చోటు మిగిలెనో ఊహింపుడు. మాటలకు మిగిలిన చోటు అంతకన్న తక్కువ. 1792లో ద్యూసీ 'ఒథెల్లో'ను ఫ్రెంచిలోనికి తెచ్చినపుడు కథకు ప్రాణమైన చేతిరుమాలు నీచపదమని దానిని వజ్రాల పట్టిగా మార్చెను. 1829లో కవి వినీ తన అనువాదమున 'రుమాలు' అని పలికించగా సభలో గగ్గోలు పుట్టెను. మరుసటి ఫిబ్రవరి 25న విక్టర్ హ్యూగో 'ఎర్నానీ'లో తొలి పంక్తి భావము రెండవ పంక్తిలోనికి పొరలుటయే మహాపరాధమై, కేకలు చెలరేగెను. పాదము దాటి అన్వయము సాగుట నిత్యకృత్యమైన తిక్కన పద్యములు చదివినవానికి ఆ కలహము నవ్వు పుట్టించును.

హ్యూగో పక్షపు నవ్యులు గెలిచిరి. కాని ఎనిమిదేండ్లకు, 1838 జూన్‌లో, వీథులలో పాడుకొని పెరిగిన రాషెల్ అను పదునేడేండ్ల బాలిక కొమెడీ ఫ్రాన్సేజ్ రంగముపై 'హోరాస్'లోని కమీల్‌గా అడుగిడెను. 1843లో ఆమె ఫేద్ర పాత్ర ధరించెను. ఆ యేటనే హ్యూగో 'లే బుర్‌గ్రావ్' అచ్చటనే పరాజయము పొందెను.