కాన్పుదాకా ఊరంతా తోడు, పదో తరగతి దాటితే తల్లి ఒంటరి

తిరుపతి: కడుపుతో వున్న ఆడబిడ్డను ఒంటరిగా వదలడం ఈ ప్రాంతపు పల్లెల్లో ఎన్నడూ లేదు. ఏడో నెల రాగానే గాజులు తొడిగి చీరె పెట్టేవారు. తొలి కాన్పుకు పుట్టింటికి పిలుచుకు వచ్చేవారు. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి దంచి బాలింతకు కారం పెట్టడం అవ్వల పని. బిడ్డను కాళ్లమీద వేసుకుని నూనె రుద్ది నీళ్లు పోయడమూ వారి పనే. ఆ తోడులో మేలుతోపాటు కీడూ వుండేది. ముర్రుపాలు పిండి పారబోయించేవారు. బాలింతకు దాహమైనా నీళ్లు కొలిచి ఇచ్చేవారు. అయినా తల్లికి మంచిచెడ్డలు చెప్పే మనిషి ఎప్పుడూ పక్కన వుండేది.

నేడు ఆ పెద్ద కుటుంబాలు చెదిరిపోయినవి. కుప్పం నుంచి తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు కూలికి పోయేవారు కొందరు. నగరి, పుత్తూరు మరమగ్గాల దగ్గర పనిచేసేవారు కొందరు. మామిడికాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలకు పోయేవారు మరికొందరు. బిడ్డను చూసుకునే అవ్వకూడా కూలికి పోవలసిన ఇళ్లు ఎన్నో వున్నవి. అవ్వ చేసిన పనిలో చాలా భాగం ఈ యాభై ఏళ్లలో అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తల చేతికి వచ్చింది.

వెయ్యి రోజుల కాపలా

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశం మొత్తంమీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. నేడు అంగన్‌వాడీ లేని పెద్ద పల్లె కన్పించదు. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే కార్యకర్త పేరు రాసుకుంటుంది. బరువు తూచడం, రక్తం పరీక్షకు పంపడం, ఐరన్ మాత్రలు మింగించడం, గుడ్లు, పాలు, పప్పు, నూనె అందజేయడం వరుసగా జరుగుతవి. ఏడో నెల నుంచి బిడ్డకు బాలామృతం. బుధ, శనివారాల్లో టీకాలు. మూడేళ్లు నిండితే ఆటపాటల బడి. ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించే జననీ సురక్ష యోజన 2005లో వచ్చింది. తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఇచ్చే మాతృ వందన యోజన 2017లో వచ్చింది.

తల్లి కడుపులో 270 రోజులు, పుట్టిన తరువాత రెండేళ్లకు 730 రోజులు కలిపితే వెయ్యి. ఈ వెయ్యి రోజుల్లో తిన్న తిండే బిడ్డ ఎదుగుదలకు పునాది అని వైద్యులు చెబుతారు. ఈ కాపలాకు ఫలితం కన్పిస్తున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నవి. మంత్రసాని చేతిలో కాన్పు దాదాపు పాత మాట అయింది.

ప్రభుత్వం ఒక్కటే ఈ పని చేయలేదు. జి. మునిరత్నం 1981లో తిరుపతిలో స్థాపించిన రాయలసీమ సేవా సమితి, అంటే జనం ‘రాస్’ అని పిలిచే సంస్థ, కూలికి వెళ్లే తల్లుల బిడ్డలకోసం శిశు సంరక్షణ కేంద్రాలు నడిపింది. మునిరత్నంకు 2012లో పద్మశ్రీ వచ్చింది.

ఈ తోడు విలువ 2023 డిసెంబరులో బాగా తెలిసివచ్చింది. జీతాల పెంపుకోసం రాష్ట్రంలోని అంగన్‌వాడీలు ఆ నెల 12న సమ్మెకు దిగి 42 రోజులు పనికి దూరంగా వున్నారు. అప్పటికి కార్యకర్త నెల వేతనం 11,500 రూపాయలు, ఆయా వేతనం 7,000. బిడ్డను ఎక్కడ వదిలి కూలికి పోవాలో తెలియని తల్లులకు ఆ నెలన్నర గడ్డుకాలమే.

ఆరేళ్లకు తెగిపోయే లంకె

బిడ్డకు ఆరేళ్లు నిండగానే అంగన్‌వాడీ రిజిస్టరులో పేరు వుండదు. బిడ్డ బడికి పోతుంది, మధ్యాహ్నం అక్కడే అన్నం తింటుంది. బాగానే వున్నది. కానీ తల్లి సంగతి అడిగేవారు అక్కడితో ఆగిపోతారు. నెలనెలా బరువు తూచిన మనిషి, ఇంటికి వచ్చి తిండి సంగతి అడిగిన మనిషి మళ్లీ ఆ గడప తొక్కనక్కర లేదు.

డబ్బు సాయం మాత్రం వున్నది. బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ఇచ్చే అమ్మఒడి పథకాన్ని 2020 జనవరి 9న చిత్తూరులోనే ప్రారంభించారు. 2025 జూన్‌లో దాని స్థానంలో తల్లికి వందనం వచ్చింది. ఇందులో 13,000 తల్లి ఖాతాకు, 2,000 బడి నిర్వహణకు కేటాయించారు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడులు తల్లిదండ్రులను పిలిపించి ఒకేరోజు సమావేశాలు జరిపాయి. ఇవన్నీ మంచి పనులే. అయితే పద్నాలుగేళ్ల కొడుకు మాట వినడం లేదని, రాత్రి పన్నెండు దాటినా ఫోను వదలడం లేదని తల్లి ఎవరితో చెప్పుకోవాలి? పెద్దమనిషి అయిన కూతురిని పొద్దున కూలికి పోతూ ఎవరికి అప్పగించాలి? మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పేవారే తప్ప, మొక్క దగ్గర నిలబడే మనిషి లేదు.

ముప్పంతా ఆ రెండు నెలల్లోనే

ఆడపిల్లలకు ఇది మరీ కష్టకాలం. పదో తరగతి పరీక్షలు వేసవి మొదట్లో ముగుస్తవి. ఇంటర్ చేరేది జూన్‌లో. ఈ మధ్య రెండు నెలలు పిల్ల ఇంట్లో వుంటుంది. తల్లీ తండ్రీ మామిడి తోటల్లో వుంటారు. జూనియర్ కాలేజీ మండల కేంద్రంలో వుంటుంది, సాయంత్రం బస్సు తప్పితే దిక్కులేదు. వీధిలో ఎవరో ఏదో అంటారు. ముసలి అవ్వ కన్ను మూసేలోగా మనవరాలి పెళ్లి చూడాలంటుంది. మేనరికం సంబంధం ఎదురుగా వుంటుంది. గుండెల మీద కుంపటి దించుకుందామని తండ్రి ముహూర్తం పెట్టిస్తాడు. దీనికి పేదరికం ఒక కారణమైతే, భయం మరొక కారణం.

2019-21 సర్వే లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29.3 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లి జరిగింది. దేశ సగటు 23.3. పదిహేను, పంతొమ్మిదేళ్ల మధ్య ఆడపిల్లల్లో నూటికి 12.6 మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 6.8. ఆ వయసు ఆడపిల్లల్లో నూటికి అరవై మందికి రక్తహీనత వున్నది.

మరొక చిక్కు వున్నది. మైనరు గర్భవతి ఆసుపత్రికి వస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాలి. చట్టం మంచికే వచ్చింది. కేసు భయంతో కొన్ని కుటుంబాలు పిల్ల వయసు పెంచి చెబుతాయి, లేదా నెలలు నిండేదాకా దాచిపెడతాయి. అందరికంటె ముందు వైద్యం అందవలసిన పిల్లకు అందరికంటె ఆలస్యంగా అందుతున్నది.

అంగన్‌వాడీ రిజిస్టరులో బిడ్డగా ఒకసారి పేరు పడిన పిల్ల, పదేళ్లకే గర్భవతిగా మళ్లీ ఆ రిజిస్టరుకే ఎక్కుతున్నది. నడుమ ఆ పదేళ్లు ఆమె తల్లిని పలకరించినవారు లేరు.

ఊరు చేయగలిగినది

బాల్యవివాహ నిషేధ చట్టం 2006లో వచ్చింది. పిల్లల సహాయానికి 1098 నంబరు వున్నది. కిశోర వయసు పిల్లల ఆరోగ్యంకోసం కేంద్రం 2014లో ప్రత్యేక కార్యక్రమం ప్రారంభించింది. పేద ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు 2004 నుంచి వున్నవి. కానీ పెళ్లిపందిట్లోకి అధికారులు వచ్చి ఆపేసరికి బంధువుల ముందు పిల్లకు, తల్లికి కలిగే నగుబాటు అంతా ఇంతా కాదు. ముందే ఆపగలిగితే ఆ బాధ వుండదు.

అందుకు కావలసిన సంఘం ఊళ్లోనే వున్నది. 2000లో వెలుగు ప్రాజెక్టు తొలివిడతగా చేపట్టిన ఆరు జిల్లాల్లో చిత్తూరు ఒకటి. నాటినుంచి పొదుపు సంఘాల మహిళలు నెలనెలా కూర్చుని అప్పులు, వాయిదాలు లెక్క చూసుకుంటున్నారు. ఏప్రిల్ సమావేశంలో వాయిదాల లెక్క అయిన తరువాత మరొక్క మాట అడిగితే చాలు. ఈ ఏడు ఎవరి పిల్ల పదో తరగతి రాసింది? కాలేజీకి ఎవరెవరి పిల్లలు కలిసి పోతారు? నలుగురు పిల్లలు ఒకే బస్సుకు వెళ్లే ఏర్పాటు ఆ తల్లులే చేసుకోగలరు. సాయంత్రం బస్సుకోసం డిపోకు అర్జీ పెట్టడానికి సంఘం సంతకానికి బలం వుంటుంది. కొడుకుల సంగతికి తండ్రులనూ కూర్చోబెట్టాలి. మగపిల్లల గురించి నేడు ఎవరూ మాట్లాడడం లేదు.

అంగన్‌వాడీ కార్యకర్తకు ఈ పని కూడా అప్పగించేటట్లయితే వేతనం పెంచి అప్పగించడం న్యాయం. ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లతో ఆమెకు ఊపిరాడడం లేదు.

పదో తరగతి చివరి పరీక్ష ముగిసిన వారంలోనే ఆ ఇళ్ల తలుపు తట్టాలి. శ్రావణ ముహూర్తాలు దాటిన తరువాత తట్టి ప్రయోజనం లేదు.