పోస్టే లేకపోతే రోస్టర్ ఎక్కడిది?

బడ్జెట్ పెట్టిన రోజు సాయంత్రం ఏ క్యాంపస్‌లో చూసినా ఒకటే గొడవ. యూనివర్సిటీలకు కోత పెట్టారని విద్యార్థి సంఘాలు ధర్నాకు దిగుతాయి. గతేడాది కంటే ఎక్కువే ఇచ్చామని మంత్రులు అంటారు. ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి, రెండూ నిజమే.

తెలంగాణ బడ్జెట్‌నే చూద్దాం. మొత్తం విద్యకు 2024-25లో చూపింది 21,292 కోట్లు, 2025-26లో 23,108 కోట్లు. అంకె పెరిగిందనే మాట వాస్తవం. కానీ రాష్ట్ర బడ్జెట్ కూడా 2,91,159 కోట్ల నుంచి 3,04,965 కోట్లకు పెరిగింది. అంటే విద్య వాటా 7.3 శాతం నుంచి 7.6 శాతానికి జరిగింది, అంతే. 2023 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ ఇస్తానన్నది 15 శాతం. ఆ 7.6లో కూడా పెద్ద భాగం బడులకే పోతుంది. పోవాల్సిందే, దాని మీద మనకు పేచీ లేదు. మిగిలిన దాంట్లో యూనివర్సిటీల పరిస్థితి ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

'కోత' అనే మాట బడ్జెట్ పుస్తకంలో ఎక్కడా దొరకదు. ఏ ప్రభుత్వమూ ఫలానా యూనివర్సిటీకి ఇన్ని కోట్లు తగ్గించాం అని ప్రకటించదు. రిటైరైన ప్రొఫెసర్ పోస్టును ఖాళీగా ఉంచేస్తుంది, కేటాయించిన డబ్బును విడుదల చేయదు, స్కాలర్‌షిప్ బకాయిని వచ్చే ఏడాదికి నెట్టేస్తుంది. ఇవన్నీ కోతలే. వీటి దెబ్బ అందరికీ సమానంగా తగలదు.

ముందు డబ్బు దారి తెలుసుకోవాలి. రాష్ట్ర యూనివర్సిటీకి ప్రధాన ఆధారం ప్రభుత్వం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంట్. దాన్నుంచి మొదట వెళ్లేవి జీతాలు, పెన్షన్లు. 1918లో పుట్టిన ఉస్మానియా, 1926లో పుట్టిన ఆంధ్ర యూనివర్సిటీ లాంటి పాత సంస్థల్లో పెన్షన్ల భారమే పెద్దది. గ్రాంటు వీటికే చాలకపోతే పరీక్ష ఫీజులు, కాలేజీల అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల మీద పడతారు. ఇక లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్ మరమ్మతులు మిగిలితే మిగిలినట్టు. కేంద్రం నుంచి యూజీసీ గ్రాంట్లు, 2013లో మొదలైన రూసా, దాని స్థానంలో 2023లో వచ్చిన పీఎం-ఉషా నిధులు ఉన్నా, వాటిలోనూ రాష్ట్రం తన 40 శాతం వాటా పెట్టాలి.

2006-08 మధ్య జిల్లాల్లో కొత్త యూనివర్సిటీలు వచ్చాయి: నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ, నల్గొండలో మహాత్మా గాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, కడపలో యోగి వేమన. ఊరి నుంచి బస్సెక్కి వెళ్లి పీజీ చదివే అవకాశం మాల, మాదిగ వాడల ఆడపిల్లలకు వీటితోనే దొరికింది. హైదరాబాద్‌లో గది అద్దెకు తీసుకుని చదివే స్తోమత వాళ్ల ఇళ్లకు లేదు. బిల్డింగులైతే లేచాయి. పాఠం చెప్పే పోస్టులు మాత్రం మొదటి నుంచీ అరకొరే.

నీతి ఆయోగ్ 2025లో విడుదల చేసిన నివేదిక ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదువుతున్నవాళ్లలో 81 శాతం మంది రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలు, వాటి అనుబంధ కాలేజీల్లోనే ఉన్నారు. అధ్యాపక పోస్టుల్లో 40 శాతానికి పైగా ఖాళీ అని కూడా అదే నివేదిక చెప్పింది. తెలంగాణలో పరిస్థితి ఇంకా ఘోరం, మంజూరైన పోస్టుల్లో మూడింట రెండొంతులకు పైగా ఖాళీ. రాష్ట్రం వచ్చాక పెద్ద ఎత్తున అధ్యాపక నియామకాలే జరగలేదు. ఉమ్మడి నియామక బోర్డు కోసం 2022 సెప్టెంబరులో అసెంబ్లీ ఆమోదించిన బిల్లు రాజ్‌భవన్ దగ్గర ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మూడు వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు, అవి కోర్టుల్లో చిక్కుకున్నాయి. గవర్నర్ వల్లో, కోర్టు వల్లో, మరొకరి వల్లో అయితేనేం, ఖాళీగా ఉన్న ప్రతి నెలా ఖజానాకు మిగులే.

ఈ మిగులును ఎవరు భరిస్తున్నారో చూడటానికి ఒక చిన్న లెక్క వేద్దాం. నేను సామాజిక శాస్త్రాల్లో పీహెచ్‌డీ చేస్తున్నాను. సీటు కోసం రెండేళ్లు ఎదురుచూశాను, కాబట్టి ఈ లెక్క నాకు నోటికొచ్చు.

యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లు ఉండొచ్చు. గైడ్‌గా ఉండటానికి రెగ్యులర్ అధ్యాపకులే అర్హులు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల కంటే తక్కువ సర్వీసు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. ఇప్పుడు ఒక డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్, ఇద్దరు అసోసియేట్లు, నలుగురు అసిస్టెంట్లు ఉన్నారనుకోండి. మొత్తం 36 మందికి చోటుంది. ఎస్సీ కోటా 15 శాతం అంటే ఐదు సీట్లు. ప్రొఫెసర్ రిటైరయ్యారు, అసిస్టెంట్ పోస్టులు భర్తీ కాలేదు, అసోసియేట్లలో ఒకరికి రెండేళ్ల సర్వీసే మిగిలింది. ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకోగలిగింది ఒక్కరే, ఆమె దగ్గర ఆరు సీట్లు. అందులో 15 శాతం అంటే 0.9. ఆ ఆరు సీట్లలో ఇప్పటికే పాత స్కాలర్లు ఉంటే, వాళ్లు థీసిస్ ఇచ్చేదాకా అదీ లేదు.

ఇక్కడ ఎవరూ రిజర్వేషన్ తీసేయలేదు. ఏ జీవో రాలేదు, ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. ఐదు సీట్లు ఒకటికి, తర్వాత సున్నాకు పడిపోయాయి. కోర్టులో సవాలు చేద్దామంటే ఆర్డరే లేదు. పక్క గదిలో పదేళ్లుగా పాఠం చెబుతున్న కాంట్రాక్టు సార్‌కు పీహెచ్‌డీ ఉంది, నెట్ ఉంది, పుస్తకాలున్నాయి. ఆయన మాత్రం గైడ్ కాలేడు.

ఎస్సీ వర్గీకరణ విషయంలోనూ ఈ సంగతి ఆలోచించాలి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణ తన 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది. మాదిగలు, ఉపకులాలు దశాబ్దాలుగా అడిగింది న్యాయమైనదని నేను నమ్ముతాను. ఈ వెబ్‌సైట్ పాఠకుల్లో కొందరు నమ్మరని తెలుసు, వాళ్లతో ఆ చర్చ వేరే చేద్దాం. కానీ ఆరు సీట్లున్న చోట ఒక శాతం అంటే ఎంత? యూనివర్సిటీ ముఖం చూడని ఉపకులాలకు దక్కిన ఆ ఒక శాతం, పోస్టులు నిండితే తప్ప కాగితం దాటదు. వాటా గురించి ఎంత పట్టుగా కొట్లాడామో, పోస్టుల సంఖ్య గురించీ అంతే పట్టుగా మాలలు, మాదిగలు కలిసి కొట్లాడకపోతే ఎట్లా?

ప్రభుత్వం వైపు నుంచి ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 'మేం సంస్థకు కాదు, విద్యార్థికే ఇస్తున్నాం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మీ పిల్లలు ఎక్కడ కావాలంటే అక్కడ చదువుకోండి' అంటారు. ఇందులో నిజముంది. ఎస్సీలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న కాలంలో. 2008 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక కూలి ఇళ్ల నుంచి వేలమంది ఇంజినీర్లు అయ్యారు. మా చిన్నాన్న కొడుకు వాళ్లలో ఒకడు. ఆ పథకాన్ని తీసేయమని ఎవరైనా అంటే మొదట వ్యతిరేకించేది మనమే.

కానీ ఆ పథకం పేరు మీద ప్రజాధనం పోయింది ఎక్కువగా ప్రైవేటు కాలేజీలకు. ఆ డబ్బుతో ప్రభుత్వ యూనివర్సిటీలో ఒక్క పోస్టూ పుట్టలేదు, ఒక్క హాస్టలూ లేవలేదు. పోనీ ఆ రీయింబర్స్‌మెంటైనా సమయానికి వస్తుందా అంటే, బకాయిలు వేల కోట్లకు చేరి 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్‌కు దిగాయి. బకాయి ప్రభుత్వానిది, టీసీ ఆగేది పిల్లవాడిది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఈ సాయం ఆపేసింది. అంటే పీజీకి మిగిలింది యూనివర్సిటీ క్యాంపస్, ప్రభుత్వ కాలేజీలే. అక్కడేమో అధ్యాపకులు లేరు. కేంద్రం సంగతీ చెప్పుకోవాలి. కొన్నేళ్లు ఎస్సీ స్కాలర్‌షిప్ భారం దాదాపు రాష్ట్రాల మీదే వదిలేసి, 2020 డిసెంబరులో 60 శాతం తాను, 40 శాతం రాష్ట్రాలు అనే కొత్త లెక్కకు ఒప్పుకుంది.

ప్రైవేటు యూనివర్సిటీల్లో పరిస్థితి మరీ స్పష్టం. తెలంగాణ 2018లో చేసిన చట్టం 25 శాతం సీట్లు స్థానికులకు ఇవ్వమంది తప్ప ఎస్సీ, ఎస్టీలకు సీట్లు తప్పనిసరి చేయలేదు. చేయడానికి రాజ్యాంగం అడ్డు కాదు. 93వ సవరణతో వచ్చిన 15(5) అధికరణ ప్రైవేటు సంస్థల్లోనూ రిజర్వేషన్‌కు వీలిస్తుంది, సుప్రీంకోర్టు 2014లో దాన్ని సమర్థించింది కూడా.

గ్రాంటు చాలని యూనివర్సిటీ చివరికి విద్యార్థి జేబు మీదే పడుతుంది. 2023లో ఉస్మానియా పీహెచ్‌డీ ఫీజును రెండు వేల నుంచి ఏకంగా 20 వేలకు, సైన్స్, ఇంజినీరింగ్‌లో 25 వేలకు పెంచిందని క్యాంపస్ అట్టుడికింది. ఫెలోషిప్ ఉన్నవాళ్లకు అది ఒక వాయిదా. లేనివాళ్లకు ఇంట్లో గొర్రెలమ్మాల్సిన సంగతి. 2015లో ఢిల్లీలో 'ఆక్యుపై యూజీసీ' పోరాటం దేని కోసం జరిగిందో గుర్తుందా? నెట్ లేని స్కాలర్లకు ఇచ్చే నెలకు 8 వేల ఫెలోషిప్ కోసం. అది నిలబడింది, మంచిదే. కానీ అది సెంట్రల్ యూనివర్సిటీల వాళ్లకే. కాకతీయలోనో కృష్ణదేవరాయలోనో జేఆర్‌ఎఫ్ లేకుండా చదివే దళిత స్కాలర్‌కు ఆ ఎనిమిది వేలు ఎన్నడూ లేవు. ఈ తేడా గురించి మన సంఘాలు కూడా పెద్దగా మాట్లాడలేదు.

నియామకాల విషయంలో మనలో మనకే ఒక చిక్కుముడి ఉంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ అసిస్టెంట్ ప్రొఫెసర్ల భర్తీకి జీవో 21 ఇచ్చింది. ఏళ్లుగా తక్కువ జీతానికి పనిచేస్తున్న కాంట్రాక్టు అధ్యాపకులు ముందు తమను రెగ్యులర్ చేయమంటారు. వాళ్లలో మనవాళ్లు చాలామంది. పీహెచ్‌డీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నిరుద్యోగులు ఓపెన్ నోటిఫికేషన్ కావాలంటారు. వాళ్లలోనూ మనవాళ్లే. ఇద్దర్నీ ఒకే పోస్టు కోసం ఎదురెదురుగా నిలబెట్టింది పదేళ్ల ఖాళీలే. నా మట్టుకు, సర్వీసుకు వెయిటేజీ ఇస్తూ, రోస్టర్ ప్రకారం మంజూరైన పోస్టులన్నీ నింపడమే దారి అనిపిస్తుంది. కొన్ని పోస్టులకే నోటిఫికేషన్ ఇస్తే ఈ తగువు తెగదు.

ఇక కోతను పట్టుకోవడం ఎలా? బడ్జెట్ ప్రసంగం వదిలేసి ఉన్నత విద్య డిమాండ్ పుస్తకం తెరవండి. ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. 2202 సాధారణ విద్య పద్దు, అందులో 03 యూనివర్సిటీ, ఉన్నత విద్య, దాని కింద 102 యూనివర్సిటీలకు సహాయం. ఒక్కో యూనివర్సిటీ పేరు ఎదురుగా వరుసగా కాలమ్‌లు ఉంటాయి: రెండేళ్ల కిందట నిజంగా ఖర్చయింది, గతేడాది అంచనా, సవరించిన అంచనా, ఈ ఏడాది అంచనా. పేపర్లలో వచ్చేది చివరిది. మీరు చూడాల్సింది మొదటిది. దాన్ని అదే సంవత్సరం పాత పుస్తకంలో ఉన్న అంచనాతో పోల్చండి. ఆ తేడాయే కోత. 2024-25 ప్రసంగంలో యూనివర్సిటీల వసతులకు 500 కోట్లు అన్నారు, అందులో ఉస్మానియాకు వంద, మహిళా యూనివర్సిటీకి వంద. ఇలాంటి హామీలను పరీక్షించాల్సింది ఈ కాలమ్‌లోనే.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. మీ యూనివర్సిటీకి గత ఐదేళ్లలో వచ్చిన బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ల కాపీలు, డిపార్ట్‌మెంట్‌వారీగా మంజూరైన పోస్టులు, పనిచేస్తున్నవాళ్లు, రోస్టర్ రిజిస్టర్, ఈ ఏడాది ఒక్కో గైడ్ దగ్గర ఖాళీగా ఉన్న పీహెచ్‌డీ సీట్లు విడివిడిగా అడగండి. తెలంగాణ వాళ్లు ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి పద్దు కింద ఉన్నత విద్యా శాఖ చూపిన ఖర్చు కూడా అడగాలి. 2017 చట్టం ప్రకారం ఖర్చుకాని మొత్తాన్ని మరుసటి ఏడాదికి కలపాలి.

నేను ఒక యూనివర్సిటీకి ఇలా రాస్తే నెల దాటినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాక రోస్టర్ రిజిస్టర్ కాపీ వచ్చింది. రెగ్యులర్ పోస్టుల పేజీలు చక్కగా ఉన్నాయి, చివరి నియామకం తేదీ దగ్గర ఆగిపోయి. పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకుల పేజీ లేదు. అదేమని అడిగితే వాళ్లకు రోస్టర్ రిజిస్టర్ పెట్టలేదని రాతపూర్వకంగా జవాబిచ్చారు. రెండో అప్పీలుకు ఆ కాగితాన్నే జతచేశాను.