హారోలో కత్తి, బెంగళూరులో బాకీ

బెంగళూరు క్లబ్బు తన దగ్గరున్న పాత సరుకుల్లో గొప్పగా చెప్పుకునేది ఒక చిట్టా పుస్తకం. ఇక వసూలు కావని తేల్చి కొట్టేసిన బాకీల జాబితా అందులో ఉంది. తేదీ 1899 జూన్ 1. బాకీదారుల్లో ఒకడు లెఫ్టినెంట్ డబ్ల్యు.ఎల్.ఎస్. చర్చిల్, ఎగ్గొట్టింది 13 రూపాయలు. ఆ సొమ్ము మేం కడతామని తర్వాతి కాలంలో కొందరు ముందుకొస్తే క్లబ్బు వద్దందని చెబుతారు. తీసుకుంటే చూపించుకోవడానికి ఏం మిగులుతుంది మరి! రెసిడెన్సీ రోడ్డు పక్కన, 1868లో సైనికాధికారుల కోసం పుట్టిన ఆ క్లబ్బులో ఈ బాకీ కథ నవ్వుతూ చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ఇదే చర్చిల్ బ్రిటన్ ప్రధానిగా ఉండగా వచ్చిన 1943 బెంగాల్ కరువు తాలూకు బాకీ మాత్రం నవ్వుకునేది కాదు.

ఈ లెఫ్టినెంటు గురించి బెంగళూరులో అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఊళ్లో అడుగుపెట్టే నాటికి అతడు ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ల ఫెన్సింగ్ ఛాంపియన్. ఆ గెలుపు అప్పటికి నాలుగేళ్ల కిందటి ముచ్చట. పేరుకు పబ్లిక్ స్కూలే గానీ, అక్కడ అది డబ్బున్నవాళ్ల బోర్డింగ్ బడి.

చర్చిల్ 1888లో హారో అనే అలాంటి బడిలో చేరాడు. చదువులో వెనకబడ్డ పిల్లవాడు, లాటిన్ అంటే గిట్టదు. ఆ బడుల్లో మగపిల్లవాడి విలువ కట్టే క్రికెట్, ఫుట్‌బాల్ మైదానాల్లోనూ మెరిసింది లేదు. అతడు నెగ్గింది జిమ్నాజియంలో. మన తాలింఖానాల్లో కర్రసాము, కత్తిసాము ఒక గురువు కింద సాగినట్టే, అక్కడా వ్యాయామశాలలో జిమ్నాస్టిక్స్ పక్కనే కత్తి నేర్పేవారు. సైన్యంలోకి పోయే కుర్రాళ్లకు అది పనికొచ్చే విద్య. 1892లో ఆల్డర్‌షాట్ సైనిక కేంద్రంలో పబ్లిక్ స్కూళ్ల మధ్య జరిగిన ఫాయిల్ పోటీలో 17 ఏళ్ల చర్చిల్ గెలిచాడు. అతడిది శాస్త్రోక్తమైన ఆట కాదనీ, ఉన్నట్టుండి మీదపడే దూకుడుకు ఎదుటివాళ్లు తబ్బిబ్బయ్యారనీ బడి పత్రిక రాసింది.

కత్తియుద్ధం అనగానే మనకు కత్తి కాంతారావు, మెట్ల మీద ఎగిరి దూకడం, ఖంగుఖంగున మోత గుర్తొస్తాయి. ఫాయిల్ ఆటలో అంతసేపు చూడటానికి ఏమీ ఉండదు. అర కిలో కన్నా తక్కువ బరువున్న సన్నటి కత్తి, మొన తాకితేనే పాయింటు, అదీ మొండెం మీదే. ముందు దాడి మొదలెట్టినవాడిదే హక్కు. ఎదుటివాడు ఆ కత్తిని పక్కకు కొట్టి ప్యారీ చేస్తేనే తిరిగి పొడిచే రిపోస్ట్‌కు అర్హుడవుతాడు. రెప్పపాటులో అయిపోతుంది. ఆ రోజుల్లో దీపాలూ తీగలూ లేవు. తాకిందో లేదో మధ్యవర్తి, చుట్టూ నిలబడ్డ న్యాయనిర్ణేతలు కంటితో చూసి చెప్పాలి. దెబ్బ తగిలినవాడు తనంతట తానే ‘తగిలింది’ అని ఒప్పుకోవడం మర్యాద. బోర్డింగ్ బడులు ఈ ఆటలో మెచ్చుకున్నది ఇదేనేమో అనిపిస్తుంది. ఎపీ అనే మరో రకం కత్తికి తాకిడిని పసిగట్టే విద్యుత్ యంత్రం 1930లలో వచ్చింది, ఫాయిల్‌కు 1950లలో. ఆ మర్యాదతో పని తగ్గింది.

అసలు ఆ బడులు ఆటల్ని అంతగా ఎందుకు పట్టుకున్నాయో తెలియాలంటే బెంగళూరులోనే ఒక గేటు ముందు ఆగవచ్చు. సెయింట్ మార్క్స్ రోడ్డులోని బిషప్ కాటన్ బాలుర పాఠశాల. రెవరెండ్ శామ్యూల్ థామస్ పెటిగ్రూ 1865లో మొదలెట్టి, కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరు పెట్టాడు. కాటన్ అనగానే గోదావరి జిల్లాలవాళ్లు చేతులు జోడిస్తారు గానీ, ఆ ఆనకట్ట కాటన్ దొర వేరు, ఈయన వేరు. ఈయన రగ్బీ స్కూల్లో థామస్ ఆర్నాల్డ్ దగ్గర పంతులుగా చేసి, 1852లో మార్ల్‌బరో కాలేజీకి ప్రధానోపాధ్యాయుడయ్యాడు. అంతకు ముందు ఏడాదే అక్కడి పిల్లలు తిరగబడి బడిని అల్లకల్లోలం చేశారు. ఖాళీ దొరికితే చుట్టుపక్కల పొలాల మీద పడి దొంగవేటలు ఆడేవారు. కాటన్ కనిపెట్టిన విరుగుడు ఆటలు. మధ్యాహ్నాలు పిల్లలు బడి మైదానంలోనే జట్లుగా ఆడాలని తల్లిదండ్రులకు 1853లో ఉత్తరం రాశాడు. పిల్లల్ని ఒక చోట కట్టిపడేయడానికి పుట్టిన ఏర్పాటు, తర్వాత శీలం, నాయకత్వం అనే పెద్ద మాటలు తొడుక్కుని సామ్రాజ్యమంతా తిరిగింది. బెంగళూరు బడిని 1871 నుంచి నడిపినవాడు తిరుక్కురళ్‌ను ఇంగ్లీషులోకి తెచ్చిన జి.యు. పోప్. ‘కుడికీ వద్దు, ఎడమకీ వద్దు’ అనేది ఆ బడి లాటిన్ ధ్యేయవాక్యం. 14 మీటర్ల పొడవు, 2 మీటర్లకు మించని వెడల్పు ఉండే పిస్ట్ అనే ఆట పట్టీ మీద ఫెన్సర్‌కు అచ్చంగా సరిపోయే ఆదేశం, అనుకోకుండా!

జట్టుగా ఆడటమే గొప్పన్న ఆ లోకంలో ఫెన్సింగ్ ఓ మూలనే ఉండిపోయింది. ఒంటరిగా, ముసుగు వెనక, ఎవరికీ బంతి అందించే పని లేకుండా ఆడే ఆట అది. చర్చిల్ లాంటివాడికి సరిపోయింది.

కానీ ఆ విద్య బెంగళూరు దాకా చెక్కుచెదరకుండా రాలేదు. 1896 అక్టోబరులో 4వ హుస్సార్స్ దళంతో బొంబాయి చేరి, ససూన్ డాక్ దగ్గర పడవలోంచి మెట్ల మీదికి దిగబోతూ గోడకున్న ఇనుప కడియం పట్టుకున్నాడు. అంతలో అల పడవను కిందికి లాగేసింది. కుడి భుజం కీలు తప్పింది. జీవితాంతం వేధించిన దెబ్బ అది. ఫాయిల్‌లో మొన దారి తప్పకుండా పోవాలంటే భుజమే ఆధారం.

కంటోన్మెంటులో మరో ఇద్దరు అధికారులతో కలిసి గులాబీ, తెలుపు రంగుల బంగళాలో దిగాడు. పొద్దున్నే కవాతు, ఎండెక్కాక పుస్తకాలు, సాయంత్రం పోలో. తల్లి పంపిన చరిత్రకారులు గిబ్బన్, మెకాలేల సంపుటాల్ని అక్కడే నమిలాడు. బడిలో చదవనిదంతా బెంగళూరులో చదివాడనుకోవచ్చు. వాయవ్య సరిహద్దులోని మలకండ్ దండయాత్ర మీద మొదటి పుస్తకం రాసిందీ ఇక్కడే. పోలో మాత్రం భుజాన్ని పట్టీలతో బిగించి ఆడేవాడు. దిగిన కొద్ది వారాలకే దళం హైదరాబాద్ వెళ్లి నిజాం సైన్యపు గోల్కొండ జట్టును ఓడించి గోల్కొండ కప్పు పట్టుకొచ్చింది. అక్కడి బ్రిటిష్ రెసిడెంటు కూతురు పమేలా ప్లౌడెన్‌ను చూసి మనసు పారేసుకున్నదీ ఆ రోజుల్లోనే.

కత్తి అవసరం నిజంగా పడ్డది 1898 సెప్టెంబరు 2న, సూడాన్‌లోని ఒమ్‌దుర్మాన్‌లో. అక్కడ తాత్కాలికంగా చేరిన 21వ లాన్సర్స్ దళపు గుర్రాల దాడిలో తక్కినవాళ్లు ఈటెలూ కత్తులూ దూశారు. పబ్లిక్ స్కూళ్ల ఛాంపియన్ మౌజర్ పిస్తోలు తీశాడు. భుజం నమ్మదగినది కాదు కదా.

ఇప్పుడు హారోయే బెంగళూరుకు వచ్చేసింది. నగరానికి ఉత్తరాన 2023లో హారో ఇంటర్నేషనల్ తెరుచుకుంది. ఫీజు లక్షల్లోనే. బ్రిటిష్ బోర్డింగ్ బడి పేరు చూసి మురిసిపోయే తల్లిదండ్రులు మన తెలుగువాళ్లలోనూ తక్కువేం కాదు. అయితే ఫెన్సింగ్‌లో మన దేశానికి పేరు తెచ్చిన దారి అటునుంచి రాలేదు. చెన్నైలో ఓ మామూలు బడిలో 2004లో కత్తి పట్టిన పూజారిగారి అమ్మాయి భవానీ దేవి తొలినాళ్లలో వెదురు కర్రలతో సాధన చేసింది. తర్వాత తలశ్శేరిలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రం, ఆపైన ఇటలీలోని లివోర్నో. టోక్యో ఒలింపిక్స్‌లో ఆడి, ఆ వేదికెక్కిన తొలి భారత ఫెన్సర్ అయింది. 2023 ఆసియా ఫెన్సింగ్ ఛాంపియన్‌షిప్ పోటీల్లో, చైనాలోని వుషీ నగరంలో, ప్రపంచ ఛాంపియన్ మిసాకి ఎమురాను సేబర్ అనే కత్తి విభాగంలో 15-10తో ఓడించి కాంస్యం ఖాయం చేసుకుంది. ఆ పోటీల్లో మన దేశానికి అదే మొదటి పతకం.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో ఉంటూ పిల్లల్ని ఫెన్సింగ్‌లో చేర్చాలనుకునేవారు బడి గోడ మీది చిహ్నం కన్నా ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కోచ్ వారంలో ఎన్ని రోజులు ఉంటాడు, విద్యుత్ స్కోరింగ్ పెట్టె ఉందా, ఎప్పుడూ ఒకే కాలు ముందుకు చాచి పొడిచే (లంజ్ చేసే) పిల్లల రెండో కాలికీ రెండో భుజానికీ వ్యాయామం చేయిస్తారా అని అడిగి చూడండి. భుజం సంగతి మరీ గట్టిగా అడగండి.